శాసనానికి ముందు సమాజం

ఇంటర్మీడియట్ ముగించి న్యాయవిద్యలో ప్రవేశించిన విద్యార్థికి తొలి సంవత్సరంలోనే ఒక సందేహం కలుగుతుంది. ఐదేళ్ళ న్యాయశాస్త్ర పట్టా కోర్సులో శిక్షాస్మృతి, ఒప్పందాల చట్టం వంటివాటితోపాటు అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం, సమాజశాస్త్రం వంటి విషయాలను కూడా చదవవలసి ఉంటుంది. నేరానికి శిక్ష ఏమిటో, ఆస్తికి హక్కుదారు ఎవరో తెలుసుకోవలసినవారికి సమాజపు పుట్టుపూర్వోత్తరాలతో పనేమిటి? చట్టం చెప్పిన మాట తెలిస్తే చాలదా?

ఈ సందేహానికి ఒక మహనీయుని జీవితంలో స్పష్టమైన సమాధానం లభిస్తుంది. ఆయన న్యాయశాస్త్రాన్ని అన్ని శాస్త్రాలకంటె ఆలస్యంగా ఆరంభించారు. అంతకుముందే అర్థశాస్త్రం, చరిత్ర, సమాజశాస్త్రం, తత్త్వశాస్త్రం, మానవశాస్త్రం అనే ద్వారాలను దాటి వచ్చారు. అలా వచ్చినందువల్లనే చట్టానికి ఉన్న శక్తిని, ఆ శక్తికి ఉన్న హద్దును కూడా ఆయన గుర్తించగలిగారు. ఆ మహనీయుడే భారత రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షత వహించిన డాక్టర్ భీమ్‌రావ్ రాంజీ అంబేద్కర్.

అంబేద్కర్ 1891 ఏప్రిల్ 14న నేటి మధ్యప్రదేశ్‌లోని మహూ సైనిక స్థావరంలో జన్మించారు. తల్లి భీమాబాయి, తండ్రి రాంజీ సక్పాల్. ఆ దంపతులకు ఆయన పద్నాలుగవ సంతానం. వారి పూర్వీకుల గ్రామం మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాలో ఉన్న అంబడవే. తండ్రి సైన్యంలో సుబేదారు హోదా వరకు ఎదిగిన వ్యక్తి. సైనిక పాఠశాలలో ఉపాధ్యాయుడుగా కూడా పనిచేశారు. చదువు విలువ తెలిసిన కుటుంబమది. అయితే అస్పృశ్యులుగా ముద్రపడిన మహర్ కులంలో పుట్టినందువల్ల ఆ చదువుకు గాని, ఆ హోదాకు గాని ఇంటి గడప దాటితే విలువ ఉండేది కాదు.

పదవీ విరమణానంతరం తండ్రి కుటుంబాన్ని సాతారాకు తరలించారు. అక్కడి పాఠశాలలో బాలుడైన భీమ్‌రావ్ ఇంటినుండి తెచ్చుకొన్న గోనెపట్టామీద, తోటి పిల్లలకు దూరంగా కూర్చొనేవాడు. దాహం వేస్తే కుళాయిని తాకరాదు. పాఠశాల నౌకరు వచ్చి కుళాయి విప్పితేనే నీరు. నౌకరు రాని రోజున దాహంతోనే ఇల్లు చేరవలసి వచ్చేది. ప్రభుత్వ శాసన గ్రంథాలలో ఎక్కడా వ్రాసిలేని నియమమిది. దానిని మీరితే శిక్షించే న్యాయస్థానమూ లేదు. అయినా ఊరిలో ప్రతి ఒక్కరికీ అది తెలుసు. ప్రతి ఒక్కరూ దానిని పాటించేవారు.

తొమ్మిదేళ్ళ వయస్సులో జరిగిన ఒక ప్రయాణం ఆయన మనస్సులో చెరగని గాయంగా మిగిలిపోయింది. ఉద్యోగరీత్యా కోరేగావ్‌లో ఉన్న తండ్రిని చూడడానికి ఆయన అన్నతోను, ఇతర బంధువుల పిల్లలతోను కలిసి రైలులో బయలుదేరాడు. పిల్లల రాకను గురించిన ఉత్తరం తండ్రికి అందలేదు. మసూర్ స్టేషనులో దిగిన పిల్లలకోసం ఎవరూ రాలేదు. మంచి దుస్తులు ధరించిన ఆ పిల్లలను మొదట ఆదరంగా పలకరించిన స్టేషను మాస్టరు, వారి కులం తెలియగానే ముఖం చిట్లించుకొని వెళ్ళిపోయాడు. రెట్టింపు బాడుగ ఇస్తామన్న తరువాత ఒక బండివాడు అంగీకరించాడు. అదికూడా పిల్లలే బండి తోలుకోవాలని, తాను పక్కన నడిచి వస్తానని షరతు పెట్టి. దారి పొడవునా నీళ్ళు దొరకలేదు. వెంట అన్నం ఉండికూడా దాహంవల్ల దానిని తినలేక పిల్లలు ఆ రాత్రిని ఆకలితోనే గడిపారు. బాడుగ పుచ్చుకొన్న చేతికి డబ్బు అంటుకాలేదు గాని, ఆ డబ్బిచ్చిన పసివాడు అంటరానివాడయ్యాడు. వ్రాయని నియమానికి ఇంత బలం ఎక్కడినుండి వచ్చింది? అంబేద్కర్ జీవితాంతం శోధించిన ప్రశ్నకు బీజం ఆ బండి ప్రయాణంలోనే పడిందని చెప్పవచ్చు.

కుటుంబం బొంబాయికి చేరిన తరువాత భీమ్‌రావ్ ఎల్ఫిన్‌స్టన్ ఉన్నత పాఠశాలలో చదివి 1907లో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడయ్యాడు. ఆనాడు ఆ కులానికి చెందిన బాలుడు మెట్రిక్యులేషన్ పూర్తిచేయడం అపురూపమైన విషయం. ఆ సందర్భంగా జరిగిన అభినందన సభలో కృష్ణాజీ అర్జున్ కేళూస్కర్ అనే రచయిత తాను మరాఠీలో రచించిన బుద్ధ చరిత్రను ఆ బాలునికి బహూకరించారు. ఆ ఉపాధ్యాయుని చొరవవల్లనే బరోడా సంస్థానాధిపతి శాయాజీరావ్ గైక్వాడ్ నెలకు ఇరవై ఐదు రూపాయల విద్యార్థి వేతనం మంజూరు చేశారు. ఆ సహాయంతో అంబేద్కర్ ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం ప్రధానాంశాలుగా పట్టభద్రులయ్యారు. 1913 ఫిబ్రవరిలో తండ్రి మరణించారు. అదే సంవత్సరం బరోడా మహారాజు విదేశాలలో ఉన్నత విద్యకు మూడేళ్ళ వేతనం ప్రకటించారు. చదువు ముగిసిన పిమ్మట పదేళ్ళు సంస్థానంలో ఉద్యోగం చేయాలన్నది ఒప్పందం. జులై నెలలో అంబేద్కర్ న్యూయార్క్ నగరంలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి చేరుకొన్నారు.

కొలంబియాలో ఆయన ప్రధానంగా అర్థశాస్త్ర విద్యార్థి. అయినప్పటికీ మూడేళ్ళ కాలంలో ఆయన నమోదు చేసుకొన్న పాఠ్యక్రమాల పట్టికను చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అర్థశాస్త్రంలో 29, చరిత్రలో 11, సమాజశాస్త్రంలో 6, తత్త్వశాస్త్రంలో 5, మానవశాస్త్రంలో 4, రాజనీతిశాస్త్రంలో 3 పాఠ్యక్రమాలు. వీటికితోడు ఫ్రెంచి, జర్మన్ భాషల ప్రాథమిక పాఠాలు ఒక్కొక్కటి. ఇది కేవలం పట్టాకోసం సాగిన చదువు కాదు. ఒక రోగి తన వ్యాధిని తెలుసుకోవడానికి తానే వైద్యశాస్త్రమంతా చదవడానికి పూనుకొన్నట్లుగా ఆయన ఆ శాస్త్రాలను అభ్యసించారు. సంపద ఎవరి చేతిలో ఎందుకు చేరుతుందో అర్థశాస్త్రం చెబుతుంది. ఆచారాలు ఎలా పుడతాయో మానవశాస్త్రం చెబుతుంది. మనుషులు గుంపులుగా ఎలా విడిపోతారో సమాజశాస్త్రం చెబుతుంది. ఏది న్యాయమో, దానిని న్యాయమని ఎందుకు అనాలో తత్త్వశాస్త్రం ప్రశ్నిస్తుంది. సాతారా పాఠశాలలోని కుళాయిని అర్థం చేసుకోవడానికి ఈ నాలుగూ అవసరమయ్యాయి.

కొలంబియా ఆచార్యులలో ఇద్దరి ప్రభావం ఆయనపై విశేషంగా ప్రసరించింది. మొదటివారు ప్రభుత్వ ఆదాయ వ్యయాల శాస్త్రంలో ప్రసిద్ధులైన ఎడ్విన్ సెలిగ్మన్. బ్రిటిషు ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ పరిణామాన్ని గురించి అంబేద్కర్ రచించిన గ్రంథానికి తరువాతి కాలంలో పీఠిక వ్రాసినది ఆయనే. రెండవవారు తత్త్వవేత్త జాన్ డ్యూయీ. ప్రజాస్వామ్యాన్ని ఎన్నికలకు, శాసనసభలకు పరిమితం చేయక, మనుషులు ఒకరి అనుభవాన్ని మరొకరు పంచుకొంటూ బ్రతికే జీవన విధానంగా భావించిన తాత్త్వికుడాయన. తరతరాలనుండి వస్తున్నదనే కారణంచేత దేనినీ అంగీకరించరాదని, ప్రతి ఆచారాన్నీ నేటి మానవుని మేలుతో తూచి చూడాలని ఆయన బోధించేవారు. ఆచారం పేరుతో నీటికి దూరమైన విద్యార్థి చెవికి ఆ బోధ ఎంత దగ్గరగా వినిపించిందో ఊహించడం కష్టం కాదు.

1916 మే 9న మానవశాస్త్రవేత్త గోల్డెన్‌వైజర్ నిర్వహించిన సదస్సులో అంబేద్కర్ భారతదేశంలోని కులాలను గురించి ఒక పరిశోధన పత్రాన్ని సమర్పించారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఐదేళ్ళు. ఒక వర్గం తన గడపను మూసుకొని, వివాహ సంబంధాలను తనలోనే పరిమితం చేసుకొన్నప్పుడు అది కులంగా మారుతుందని ఆయన ఆ పత్రంలో ప్రతిపాదించారు. పై వర్గం తలుపు మూసుకొనగా, దానిని చూసి తక్కిన వర్గాలు అనుకరించాయని వివరించారు. మరుసటి సంవత్సరం అది ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో ప్రచురితమైంది.

ఆ పత్రంలో న్యాయశాస్త్ర విద్యార్థులు ప్రత్యేకంగా గమనించదగిన అంశం ఒకటి ఉన్నది. కులవ్యవస్థను మనువు సృష్టించాడన్న అభిప్రాయాన్ని అంబేద్కర్ అంగీకరించలేదు. ఏ శాసనకర్తకూ అంతటి శక్తి ఉండదని, ఒక వ్యక్తి ఆజ్ఞతో ఇంత పెద్ద సమాజం తరతరాలపాటు తనను తాను బంధించుకొనడం అసంభవమని ఆయన వాదం. స్మృతికి ముందే ఆచారం ఉన్నది. స్మృతికర్త దానిని క్రోడీకరించి, దానికి సిద్ధాంతమనే కవచం తొడిగాడు. ఈ నిర్ణయం నుండి మరొక నిర్ణయం సహజంగా వెలువడుతుంది. ఒక శాసనం కులాన్ని పుట్టించలేకపోయినప్పుడు, ఒక శాసనం మాత్రమే కులాన్ని తొలగించగలదని ఎలా నమ్మగలం? అంబేద్కర్ ఇంకా న్యాయవిద్యార్థి కాలేదు. అప్పటికే న్యాయశాస్త్రంలోని అతి కఠినమైన ప్రశ్నముందు ఆయన నిలబడ్డారు.

ఆ సంవత్సరమే ఆయన లండన్ చేరి, ఒకవైపు లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అర్థశాస్త్ర పరిశోధనకు, మరొకవైపు గ్రేస్ ఇన్ అనే న్యాయవిద్యా సంస్థలో బారిస్టరు చదువుకు నమోదు చేసుకొన్నారు. కాని మరుసటి సంవత్సరమే బరోడా వేతనం గడువు ముగిసింది. చదువును మధ్యలో విడిచి, నాలుగేళ్ళలోపు తిరిగి రావడానికి అనుమతి పొంది, ఆయన స్వదేశానికి బయలుదేరారు. అది మొదటి ప్రపంచ యుద్ధకాలం. ఆయన వేరుగా పంపిన పుస్తకాలున్న ఓడ జలాంతర్గామి దాడిలో మునిగిపోయింది.

ఒప్పందం ప్రకారం 1917లో బరోడాలో ఉద్యోగంలో చేరిన అంబేద్కర్‌కు ఆ నగరంలో నివాసం దొరకలేదు. కులాన్ని దాచి ఒక సత్రంలో గది తీసుకొన్నారు. పదకొండవ రోజున కర్రలు పట్టుకొన్న గుంపు వచ్చి ఆయనను నిలదీసింది. ఆ సాయంకాలమే గది ఖాళీ చేయవలసి వచ్చింది. మిత్రుల ఇళ్ళలో కూడా ఆశ్రయం లభించలేదు. రెండు ఖండాల విశ్వవిద్యాలయాలలో చదివిన ఆ యువకుడు ఉద్యానవనంలో ఒక చెట్టుక్రింద కూర్చొని కన్నీరు కార్చి, రాత్రి రైలులో బొంబాయికి తిరిగి వెళ్ళారు. ఉద్యోగం ఇచ్చిన మహారాజు ఆజ్ఞ ఉన్నది. ఆ ఆజ్ఞను గౌరవించే ఊరు లేదు. కొలంబియాలో సిద్ధాంతంగా చెప్పిన విషయం బరోడాలో అనుభవంగా ఎదురైంది.

తరువాత ఆయన బొంబాయిలోని సిడెన్‌హామ్ కళాశాలలో అర్థశాస్త్ర ఆచార్యులుగా పనిచేసి కొంత ధనం కూడబెట్టారు. కొల్హాపూర్ పాలకుడు శాహూ మహారాజు కూడా ఆదుకొన్నారు. 1920లో తిరిగి లండన్ వెళ్ళారు. భర్త దూరదేశంలో చదువుకొంటుండగా రమాబాయి బొంబాయిలో కడుపేదరికంతో సంసారాన్ని నెట్టుకొచ్చారు. 1922లో అంబేద్కర్ బారిస్టరు అయ్యారు. రూపాయి సమస్యను గురించిన సిద్ధాంత వ్యాసానికి 1923లో లండన్ విశ్వవిద్యాలయం డి.ఎస్‌సి. పట్టం ప్రదానం చేసింది. అప్పటికి ఆయన వయస్సు ముప్పై రెండేళ్ళు. న్యాయవాది నల్లకోటు ఆయన భుజాలమీదికి చేరేసరికి దాని వెనుక పదేళ్ళ సామాజిక శాస్త్రాల అధ్యయనం నిలిచి ఉన్నది.

ఆ సంవత్సరమే బొంబాయిలో న్యాయవాద వృత్తిని ఆరంభించారు. అంటరానివాడని ముద్రపడిన న్యాయవాదికి వ్యాజ్యాలు అప్పగించడానికి ధనికులు ముందుకు రాలేదు. పేదల వ్యాజ్యాలే అధికంగా వచ్చేవి. వృత్తిలో నిలదొక్కుకొంటున్న ఆ కాలంలోనే చట్టానికీ సమాజానికీ మధ్య ఉన్న అగాధాన్ని దేశమంతటికీ చూపించిన ఘటన సంభవించింది. దానికి రంగస్థలం కొంకణ ప్రాంతంలోని మహద్ అనే పట్టణం.

1923 ఆగస్టులో బొంబాయి శాసనమండలి ఎస్.కె.బోలే ప్రతిపాదించిన ఒక తీర్మానాన్ని ఆమోదించింది. ప్రజాధనంతో నిర్మించి నిర్వహించే చెరువులు, బావులు, సత్రాలు, పాఠశాలలు మొదలైనవాటిని అస్పృశ్యులు కూడా వినియోగించుకోవచ్చునన్నది దాని సారాంశం. మహద్ పురపాలక సంఘం 1924లో తన పరిధిలోని చౌదార్ చెరువును అందరికీ తెరుస్తూ తీర్మానించింది. కాగితంమీద హక్కు సిద్ధించింది. అయినా మూడేళ్ళవరకు ఆ వర్గానికి చెందిన ఒక్కరైనా చెరువు మెట్లు దిగి దోసిట నీరు పట్టలేదు, పట్టడానికి సాహసించలేదు.

1927 మార్చి 20న అంబేద్కర్ వేలాదిమందితో శాంతియుతంగా ఊరేగింపుగా వెళ్ళి ఆ చెరువునీటిని త్రాగారు. నీరు త్రాగినంతమాత్రాన తాము అమరులం కాబోమని వారికి తెలుసు. తామూ మనుషులమేనని చాటడమే వారి ఉద్దేశం. కొద్దిసేపటికే వారు దేవాలయంలోకి ప్రవేశించబోతున్నారన్న వదంతి పుట్టింది. తిరిగి వెళ్తున్న ప్రతినిధులపై దాడులు జరిగాయి. ప్రతిదాడికి సిద్ధమైన అనుచరులను అంబేద్కర్ నివారించారు. తరువాత కొందరు నూటెనిమిది కుండలతో పంచగవ్యాన్ని కలిపి చెరువును శుద్ధి చేశారు. ఆగస్టులో పురపాలక సంఘం తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకొన్నది.

ఆ సంవత్సరం డిసెంబరులో మళ్ళీ చెరువును చేరాలని అంబేద్కర్ నిశ్చయించారు. అంతలో ప్రతిపక్షంవారు చెరువు తమ సొంత ఆస్తి అని, అస్పృశ్యులు దానిని వాడరాదన్నది అనాదిగా వస్తున్న ఆచారమని న్యాయస్థానంలో వ్యాజ్యం వేసి తాత్కాలిక నిషేధాజ్ఞ తెచ్చుకొన్నారు. డిసెంబరు 25న జరిగిన సభలో మనుస్మృతి ప్రతిని దహించారు. శాసనకర్త కులాన్ని సృష్టించలేదని పదకొండేళ్ళ క్రితం నిరూపించిన వ్యక్తి ఇందుకు పూనుకోవడం మొదట వైరుద్ధ్యంగా తోచవచ్చు. ఆలోచిస్తే అందులో వైరుద్ధ్యం కనిపించదు. ఆచారం శాసన గౌరవాన్ని పొందినప్పుడు దానిని ప్రశ్నించడమే అపరాధమవుతుంది. ఆ గౌరవాన్ని తొలగించడమే ఆ దహనానికి అర్థం.

అదే సభలో ఆయన నాయకత్వానికి కఠిన పరీక్ష ఎదురైంది. నిషేధాజ్ఞను ధిక్కరించి చెరువుకు వెళ్దామని సభికులు ఉత్సాహపడ్డారు. చెరసాలకు వెళ్ళడానికి పేర్లు కూడా ఇచ్చారు. అంబేద్కర్ చాలా మథనపడి, వారికి నచ్చజెప్పి, సత్యాగ్రహాన్ని వాయిదా వేశారు. న్యాయస్థానంలోనే పోరాడదామన్నారు. ఆ పోరాటం దాదాపు పదేళ్ళు సాగింది. 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు తుది తీర్పు ఇచ్చింది. అనాదిగా వస్తున్న ఆచారమన్న వాదాన్ని ప్రతిపక్షంవారు నిరూపించలేకపోయారని నిర్ణయించింది. ఆచారానికి అనాదిత్వం ఉన్నదా, అది ఎప్పుడు మొదలైంది, ఎలా మొదలైంది అన్న ప్రశ్నలు అంబేద్కర్‌కు క్రొత్తవి కావు. కొలంబియా సదస్సులో ఆయన అడిగినవి ఆ ప్రశ్నలే.

ఈ అనుభవాన్ని ఆయన తరగతి గదిలోకి కూడా తీసుకువెళ్ళారు. 1928లో బొంబాయిలోని ప్రభుత్వ న్యాయ కళాశాలలో అధ్యాపకులుగా చేరి, 1935 నుండి 1938 వరకు ఆ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వ్యవహరించారు. బొంబాయి రాష్ట్రంలో న్యాయవిద్యా సంస్కరణను గురించి 1936లో ఒక వ్యాసం రచించారు. చట్టాల పరిజ్ఞానంతోపాటు దానికి అనుబంధమైన ఇతర శాస్త్రాల అధ్యయనం కూడా లేకపోతే న్యాయవాది శిక్షణ అసంపూర్ణమని అందులో అభిప్రాయపడ్డారు. నేటి న్యాయవిద్యార్థికి కలిగే సందేహానికి ఆయన ఆనాడే ఇచ్చిన సమాధానమిది. అదే సంవత్సరం ఆయన ప్రకటించిన కుల నిర్మూలన అనే గ్రంథంలో డ్యూయీ తత్త్వం ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది. లాహోరులో ఉపన్యసించడానికి సిద్ధం చేసిన ఆ ప్రసంగ పాఠం నిర్వాహకులకు రుచించక సభ రద్దు కాగా, ఆయన దానిని సొంత ఖర్చుతో అచ్చువేయించారు.

దేశానికి స్వాతంత్ర్యం సిద్ధించిన 1947లో అంబేద్కర్ తొలి న్యాయశాఖ మంత్రి అయ్యారు. ఆగస్టు 29న రాజ్యాంగ పరిషత్తు ఏడుగురు సభ్యులతో ముసాయిదా సంఘాన్ని నియమించింది. దానికి ఆయన అధ్యక్షులయ్యారు. నెల్లూరు జిల్లా పుదూరులో జన్మించిన ప్రముఖ న్యాయవేత్త అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఆ సంఘ సభ్యులలో ఒకరు. ముసాయిదాకు 7,635 సవరణలు ప్రతిపాదితం కాగా, వాటిలో 2,473 పరిషత్తులో చర్చకు వచ్చాయి. అనారోగ్యంతో బాధపడుతూనే అంబేద్కర్ ఆ చర్చలలో ఎడతెగక పాల్గొని ప్రతి నిబంధన వెనుక ఉన్న ఉద్దేశాన్ని సభకు వివరించారు. సలహాదారు బెనెగల్ నర్సింగరావుకు, ముసాయిదా లేఖకులకు చెందవలసిన ఖ్యాతిని సభాముఖంగా వారికే సమర్పించారు.

ఆ రాజ్యాంగంలోని పదిహేడవ అధికరణం అస్పృశ్యతను నిషేధించింది. సాతారా కుళాయివద్ద మొదలైన ప్రశ్నకు శాసనం ఇచ్చిన జవాబు అది. అయితే మహద్ నేర్పిన పాఠాన్ని ఆయన మరచిపోలేదు. హక్కును ప్రకటించి ఊరుకుంటే అది పురపాలక సంఘం తీర్మానంలాగా మిగిలిపోతుంది. అందుకే హక్కు భంగమైన పౌరుడు నేరుగా సుప్రీంకోర్టును ఆశ్రయించే అవకాశాన్ని కల్పించిన ముప్పై రెండవ అధికరణాన్ని ఆయన రాజ్యాంగానికి గుండెకాయగా భావించారు. పీఠికలో మరొక విశేషం గమనించదగినది. 1947 జనవరిలో పరిషత్తు ఆమోదించిన లక్ష్యాల తీర్మానంలో సౌభ్రాతృత్వం అనే మాట లేదు. ముసాయిదా సంఘం దానిని పీఠికలో చేర్చింది. స్వేచ్ఛను, సమానత్వాన్ని చట్టం కొంతవరకు ఇవ్వగలదు. తోటి మనిషిని సోదరుడుగా చూడమని ఏ న్యాయమూర్తీ బలవంతపెట్టలేడు. అయినా అది లేకపోతే మిగిలిన రెండూ నిలువవని ఆయనకు తెలుసు.

1949 నవంబరు 25న, రాజ్యాంగం ఆమోదం పొందడానికి ముందురోజున, ఆయన పరిషత్తులో ప్రసంగించారు. పని ముగించిన ఆనందంకంటె భవిష్యత్తును గురించిన హెచ్చరికే ఆ ప్రసంగంలో అధికం. రాజకీయాలలో ప్రతి మనిషికీ ఒకే విలువగల ఓటు లభించినా సామాజిక, ఆర్థిక జీవితంలో అసమానత కొనసాగుతుందని, ఈ వైరుద్ధ్యాన్ని త్వరగా తొలగించకపోతే బాధితులే ఈ వ్యవస్థను కూల్చివేసే ప్రమాదమున్నదని ఆయన హెచ్చరించారు. తాను నిర్మించిన భవనం పునాదిలోని బీటను తానే వేలెత్తి చూపిన శిల్పి ఆయన.

ఆ తరువాత ఆయన తన శక్తినంతా హిందూ స్మృతి బిల్లుపై కేంద్రీకరించారు. హిందువుల వివాహం, విడాకులు, దత్తత, వారసత్వం మొదలైనవాటిని ఒకే చట్టం క్రిందికి తెచ్చి స్త్రీకి ఆస్తిహక్కు కల్పించాలన్నది దాని ఉద్దేశం. అప్పటివరకు దేశంలో వారసత్వ విషయాలకు మితాక్షర, దాయభాగం అనే సంప్రదాయాలు ఆధారంగా ఉండేవి. పదమూడవ శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయం పేరుతో తెనిగించినది ఆ మితాక్షరనే. శతాబ్దాల మూలాలున్న ఆచారాన్ని కదిలించబోయిన బిల్లుకు పార్లమెంటులోను, వెలుపలను తీవ్ర ప్రతిఘటన ఎదురైంది. చర్చ సాగిసాగి బిల్లు ఆగిపోయింది. 1951 సెప్టెంబరులో అంబేద్కర్ మంత్రి పదవికి రాజీనామా చేశారు. అందుకు గల ప్రధాన కారణాలలో ఇదొకటి. ఆ బిల్లులోని అనేక అంశాలు 1955, 1956 సంవత్సరాలలో నాలుగు వేర్వేరు చట్టాలుగా రూపొందాయి.

1952 జూన్ 5న కొలంబియా విశ్వవిద్యాలయం తన పూర్వ విద్యార్థికి గౌరవ న్యాయశాస్త్ర డాక్టరేటును ప్రదానం చేసింది. అర్థశాస్త్రం చదివినచోట న్యాయశాస్త్ర పట్టం లభించింది. ఆ ఉత్సవానికి నాలుగు రోజుల ముందే గురువు జాన్ డ్యూయీ కన్నుమూశారు. మరుసటి సంవత్సరం హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా అంబేద్కర్‌ను గౌరవ డాక్టరేటుతో సత్కరించింది. బాల్యంలో బహుమతిగా అందుకొన్న బుద్ధచరిత్ర ప్రభావం చివరికి ఫలించి, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలాది అనుచరులతో ఆయన బౌద్ధమతాన్ని స్వీకరించారు. చట్టం చేరలేని మనస్సులను ధర్మం చేరగలదన్న విశ్వాసం ఆ నిర్ణయంలో కనిపిస్తుంది. ఆ సంవత్సరం డిసెంబరు 6న ఢిల్లీలో ఆయన పరమపదించారు. 1990లో భారత ప్రభుత్వం మరణానంతరం ఆయనకు భారతరత్న పురస్కారాన్ని ప్రకటించింది.

అంబేద్కర్ కేవలం చట్టాలు మాత్రమే చదివి ఉంటే సమర్థుడైన బారిస్టరు అయ్యేవారేమో. కేవలం సామాజిక శాస్త్రాలు మాత్రమే చదివి ఉంటే గొప్ప ఆచార్యులుగా మిగిలేవారేమో. రెండింటినీ కలిపి చదివినందువల్ల రోగాన్ని గుర్తించే చూపు, చికిత్సకు పూనుకొనే చేయి ఆయనకు ఏకకాలంలో సిద్ధించాయి. చట్టం శక్తిలేనిదని ఆయన ఏనాడూ నిరాశ చెందలేదు. అది సర్వశక్తి కలదని భ్రమపడనూ లేదు. చెరువు అందరిదని వ్రాయడం శాసనం పని. దోసిలి పట్టినవానికి దారి ఇవ్వడం సమాజం పని. ఈ రెండు పనులూ నెరవేరిన రోజున మాత్రమే నీరు పెదవిని చేరుతుంది. న్యాయవిద్యలో ప్రవేశించబోయే విద్యార్థి సమాజాన్ని ఎందుకు చదవాలో చెప్పడానికి ఆ దోసెడు నీటికంటె మించిన నిదర్శనం అవసరం లేదు.